శుక్రవారం గడువు

విశాలాక్షి తార్నాకకు కాపురానికి వచ్చి సరిగ్గా మూడు నెలల పదకొండు రోజులు. ఎవరూ అడగకపోయినా ఆ లెక్క ఆమెకు నోటికి వచ్చు. కిరసనాయిలు స్టవ్వు మీద నీలిమంట గుండ్రంగా నిలబడితే చాలు, ఆమెకు పండగే. డాబా ఎక్కితే చెట్ల మీదుగా ఆర్ట్స్ కాలేజీ రాతిగోడ కనపడేది. ఆ చుట్టుపక్కలే ఎక్కడో వృక్షశాస్త్రం ల్యాబులో తన మొగుడు పార్థసారథి ఎండుటాకుల్ని అట్టలకు అంటిస్తూ ఉంటాడని తలుచుకుని తనలో తానే నవ్వుకునేది. బి.ఏ. చదివిన పిల్ల ఇంత చిన్నదానికి మురిసిపోతుందేమిటని ఎవరైనా అనుకుంటారేమోనని చుట్టూ చూసి, ఎవరూ లేరు కదా అని మళ్ళీ నవ్వేది.

ఎవరూ లేకపోవడంతోనే ఇప్పుడు చిక్కొచ్చి పడింది.

అది అరవై తొమ్మిది వేసవి. ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు క్లాసులు మాని రోడ్ల మీదికి వచ్చారు. క్యాంపస్‌లో పోలీసులు గుడారాలు వేశారు. ఒకరోజు ఎక్కడో బస్సు తగలబడిందనేవారు. మర్నాడు పోలీసులు హాస్టలు గదుల్లో దూరి పిల్లల్ని చేతులు విరిగేట్టు కొట్టారనేవారు. గుంటూరు యాస బయటపడకుండా విశాలాక్షి కూరల బండి దగ్గర నోరు విప్పకుండా, వేలితో చూపించి వంకాయలు కొనడం నేర్చుకుంది.

మాట్లాడటానికి మిగిలింది పక్క వాటాలో ఉండే ఇల్లుగలావిడ భారతమ్మ ఒక్కతే. భర్త పోయాడు. ఒక్కగానొక్క కొడుకు రాజలింగం యూనివర్సిటీలో చదువుతూ ఉద్యమంలో దిగాడు. పోలీసులకు దొరక్కుండా ఇల్లు విడిచి నెలయింది. విశాలాక్షికి జొన్నరొట్టె కొట్టడం నేర్పింది భారతమ్మే.

"పిన్నిగారూ, నాది గుండ్రంగా రావడం లేదండీ."

"గుండ్రమెందుకు బిడ్డా, నీ మొగడు మెడలేసుకొని తిరుగుతడా? కాలితే సాలు."

సోమవారం పొద్దున తలుపు కింద చిట్టీ కనపడింది. పెన్సిలు రాత. "శుక్రవారంలోగా మీ ఊరికి పోవాలె. పోకుంటే జరిగేదానికి మేము జిమ్మేదార్లం కాము." కింద పేరు లేదు.

పార్థసారథి రెండుసార్లు చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టాడు.

"గురువారం నిన్ను రైలెక్కిస్తాను" అన్నాడు.

"మరి మీరో?"

"నాకు సెలవివ్వరు. అయినా నేను మగాణ్ణి."

"మగాళ్ళకి దెబ్బలు తగలవా ఏమిటి?"

మామూలుగా అయితే నవ్వేవాడు. ఆ రోజు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

విచిత్రమేమిటంటే, ఆ రోజు నుంచే భారతమ్మ కూడా మాట మానేసింది. నల్లా దగ్గరికి తెల్లవారకముందే వచ్చి నీళ్ళు పట్టుకుపోయేది. ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు తిరిగేది. రాజలింగమే చిట్టీ వేశాడనీ, తల్లికి తెలుసుననీ విశాలాక్షి అనుకుంది. అలా అనుకున్నాక గోడ అవతల గిన్నె చప్పుడైనా లేచి తలుపు గడియ చూసుకునేది. నీలిమంట నిలబడినా చూడబుద్ధి కాలేదు. తనకంటూ దొరికిన మొదటి ఇల్లు. దీన్ని వదిలి, పెట్టె సర్దుకుని, మొగుణ్ణి ఒంటరిగా ఈ ఊళ్ళో పెట్టి పోవడమా?

బుధవారం మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. పార్థసారథి ఇంట్లో లేడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు భారతమ్మ వాటాలో దూరి పెట్టెలు తిరగేశారు, పరుపు చించారు, జొన్నపిండి డబ్బా వాకిట్లో బోర్లించారు. ఇన్‌స్పెక్టరు మాత్రం తిన్నగా విశాలాక్షి గుమ్మం దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"ఏమ్మాయ్, భయపడకు. మాది తెనాలి. మీదే ఊరు?"

విశాలాక్షికి ఏడుపు ఆగలేదు. పరాయి మనిషి నోట తన ఊరివైపు మాట విని ఎన్నాళ్ళయిందో! పుట్టింటి వాకిట్లో నిలబడ్డట్టే ఉంది. "గుంటూరండీ" అంది ముక్కు తుడుచుకుంటూ.

"అదీ సంగతి. చూడమ్మాయ్, మనవాళ్ళిళ్ళకి చిట్టీలు వస్తున్నాయి. నీకూ వచ్చే ఉంటుంది. ఈ ఇంటి కుర్రాడే వేశాడని ఓ కాయితం మీద సంతకం పెట్టు. వాణ్ణి ఎక్కడున్నా లాక్కొచ్చి లోపలేస్తాం. నువ్వు హాయిగా నిద్దరపోవచ్చు."

చిట్టీ పది అడుగుల దూరంలో బియ్యం డబ్బా కింద ఉంది. నోటిదాకా వచ్చింది మాట. అప్పుడు అతని భుజం మీదుగా ఆమెకు భారతమ్మ కనపడింది. చెల్లాచెదురైన పిండి మధ్య నిలబడి ఇటే చూస్తోంది. కళ్ళు కలవగానే తల దించేసుకుంది. ఆ చూపు విశాలాక్షి ఎరుగును. సోమవారం నుంచి అద్దంలో చూస్తున్నదే. భారతమ్మ భయపడుతోంది. పోలీసుకు కాదు, తనకు! ఇరవై ఏళ్ళ జీవితంలో తనని చూసి పిల్లి కూడా బెదిరి ఎరగదు.

"మాకేం రాలేదండీ" అంది విశాలాక్షి.

"ఆలోచించుకో. రేపేదైనా అయితే మమ్మల్ని అనొద్దు."

"రాలేదండీ."

జీపు వెళ్ళాక ఆమె చేట పట్టుకుని వెళ్ళి పిండి ఎత్తసాగింది. భారతమ్మ ఆమె దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమడిగిండు?"

"చిట్టీ వచ్చిందా అని."

"ఏం జెప్పినవ్?"

"రాలేదన్నాను."

"వచ్చిందిగద. నీ మొగని చేతుల సూసిన." భారతమ్మ కూలబడింది. "మా రాజలింగు ఎయ్యలేదని ఒట్టు పెడ్దామంటే నోరొస్తలేదు బిడ్డా. నెల దినాలాయె వాని మొఖం జూసి. ఏం జేస్తుండో, ఎవనితోని తిరుగుతుండో. కన్నతల్లిని, నాకే ఎర్క లేదు. నీకేమని మొఖం జూపియ్యాలె?"

సాయంత్రం పార్థసారథి అంతా విని కసురుకున్నాడు. "పిచ్చిదానా! రక్షణ ఇస్తామంటే వద్దన్నావా? సరే, రేపు రైలు పదింటికి."

"నేను వెళ్ళను. ఏమీ రాలేదని చెప్పినదాన్ని గడువు ముందురోజు పెట్టె పట్టుకుని పోతే ఆ ఇన్‌స్పెక్టరు ఊరుకుంటాడా? వచ్చిందన్నమాటే కదా అని మళ్ళీ ఆవిడ మీద పడడూ?"

అతను జేబులోంచి రైలు టికెట్టు తీసి చూసి, చిట్టీతో పాటే బియ్యం డబ్బా కింద పెట్టాడు. చింపలేదు. గురువారం పది దాటిపోయింది.

శుక్రవారం తెల్లవారి పార్థసారథి డ్యూటీకి వెళ్ళగానే భారతమ్మ గేటుకు గొళ్ళెం పెట్టి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

"నువ్వు లోపల్నించి గడెబెట్టుకో. ఎవ్వడొచ్చినా నన్ను దాటిపోవాలె. మా రాజలింగే వచ్చినా సరే."

విశాలాక్షి గడియ పెట్టుకుంది. వంట చేసింది, తినలేదు. కిటికీ సందులోంచి ఆ వీపునే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి గడియ తీసి వెళ్ళి మంచినీళ్ళిస్తే భారతమ్మ తాగింది, తిరిగి చూడలేదు. సైకిలు వెళ్ళినా, గుంపుగా నలుగురు నడిచినా ఆ వీపు నిటారుగా అయ్యేది. తలుపుకు ఇవతల ఒకరు, అవతల ఒకరు. రోజంతా అంతే.

చీకటి పడే వేళకు పార్థసారథి క్షేమంగా వచ్చాడు. భారతమ్మ లేచి దారి ఇచ్చి, మళ్ళీ కూర్చుంది. ఇంకెవరూ రాలేదు.

"గండం గడిచింది పిన్నిగారూ, ఇక లోపలికి రండి!" విశాలాక్షి సంతోషం పట్టలేక పరుగెత్తుకొచ్చింది.

భారతమ్మ లాలాపేట్ దారి వైపే చూస్తోంది. "పొద్దంత వాడు రావద్దనే మొక్కిన బిడ్డా" అంది. "గిప్పుడేమో ఒక్కపారి వస్తే బాగుండనిపిస్తున్నది. కొడ్తనో, బువ్వ పెడ్తనో..."

లోపల భర్త ఆకలిగా ఎదురుచూస్తున్నాడని తెలిసీ, విశాలాక్షి పీట పక్కన నేల మీద కూర్చుంది. భారతమ్మ జరగలేదు, పొమ్మనీ అనలేదు.

దారి మీద ఎవరూ లేరు.