లింకులక్క

ఒంటిగంట దాటినా ఆమెకు ఇంకా పదమూడు లింకులు మిగిలే ఉన్నాయి. నలభై పూర్తయితే గాని ఆ ఆఫీసులో అన్నానికి లేవనివ్వరు. అందరికంటే వేగంగా పెడుతుందని ఆమెకు లింకులక్క అని పేరు పెట్టారు గాని, ఆ వేగానికి ఆకలి వేయకుండా ఉంటుందా?

పని చెప్పుకోవడానికి చిన్నదే. వంటల సైటులోనో, పిల్లల పేర్ల సైటులోనో దొంగపేరుతో నాలుగు వాక్యాలు రాయాలి. ఐదో వాక్యంలో కస్టమరు పేజీకి దారి చూపే లింకు పెట్టాలి. ఎన్నిచోట్ల నుంచి లింకులుంటే, వెతికేవాళ్లకు ఆ పేజీ అంత పైన కనిపిస్తుంది. నలుగురు మెచ్చింది మంచిదే అయ్యుంటుందని వెతికిపెట్టే యంత్రం నమ్మకం. ఆ నలుగురినీ ఇక్కడ నెలజీతాలిచ్చి తయారుచేస్తారు. పొద్దున్నుంచి ఆమె గృహిణి అయింది, రిటైరైన మాస్టారు అయింది, లారీ డ్రైవరూ అయింది.

ఫోన్ మోగింది. మరదలు.

"వదినా, మీ తమ్ముడు పని దగ్గర కళ్లు తిరిగి పడిపోయారు. దగ్గితే రక్తం పడుతోంది. ఒకసారి రండి."

సగం రోజు జీతం కోస్తానన్నాడు మేనేజరు. కోసుకోమని బయల్దేరింది.

తమ్ముడిది టైల్స్ కోసే పని. గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ఆర్నెల్లు వాడమని సర్కారీ ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చిన టీబీ మాత్రలు గూట్లో అలాగే ఉన్నాయి.

"మానేసి ఎన్నాళ్లయిందిరా?"

"రెండు నెలలు. వేసుకుంటే కడుపులో తిప్పేస్తోందక్కా. పనిలో నిలబడలేకపోతున్నా. రోజు పోతే కూలి పోయినట్టేగా. మాత్రల బదులు ఈ పొడి తింటే పని మానక్కర్లేదట."

మరదలు డబ్బా తెచ్చి చూపించింది. మూడు రోజుల కూలి పెట్టి కొన్న డబ్బా. దాని మీది పేరు చూడగానే లింకులక్క డబ్బా చేతిలోకి లాక్కుంది. నాలుగు నెలలుగా ఆమె చేతుల్లో నలుగుతున్న పేరు అది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫోన్‌లో వెతికితే ముందు ఇదే వచ్చింది. ఒకరా ఇద్దరా, వందమంది చెప్పారు. ఎవరో రిటైరైన మాస్టారట, మూడు డబ్బాలతో తగ్గిపోయిందట."

"ఆ మాస్టారు నేనేరా."

తమ్ముడు నవ్వాడు. నవ్వు దగ్గయింది. మరదలు గుడ్డ అందించింది.

"మరి మిగతావాళ్లు?"

"వాళ్లలో సగం మంది నేనే."

"నాకొక్క మాట చెప్పాల్సింది కదక్కా."

"నువ్వు చూస్తావనుకోలేదు."

ఆ మాట అన్నాక ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఎవరి తమ్ముడో ఒకడు చూస్తాడని తెలుసు. తెలిసే రాసింది.

సాయంత్రం తమ్ముణ్ణి తీసుకెళ్లి సర్కారీ ఆస్పత్రి వరసలో నిలబడి తన ఫోన్‌లో తనే వెతికింది. మందు మధ్యలో మానితే ప్రాణం మీదికొస్తుందని ఇదే ఆస్పత్రి డాక్టర్లు రాసిన పేజీ ఉంది. ఆరు తెరలు కిందికి జరిపాక, అట్టడుగున. దానికి లింకు పెట్టి దారి చూపించిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

మర్నాడు ఒంటిగంటకల్లా నలభై లింకులూ పెట్టేసింది. మేనేజరు వచ్చి ఆమె తెర చూశాడు.

"ఏంటక్కా ఇది? పొడి లింకు ఒక్కటీ లేదు. అన్నీ ఏదో ఆస్పత్రికి పోతున్నాయి. ఏ కస్టమరు ఇచ్చాడీ పని?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. మాత్రలు మానొద్దని రాసిన పేజీ. మా తమ్ముడు మానేశాడు."

"అయ్యో పాపం. సరే, సాయంత్రంలోగా అన్నీ మార్చెయ్."

"మార్చను సార్."

"నువ్వు కాకపోతే ఇంకొకరు. పావుగంట పని." మేనేజరు పక్క కుర్చీలో ఆవిడ వైపు తిరిగాడు. "మీరు మార్చండమ్మా."

ఆవిడ చేతులు కీబోర్డు దాకా వెళ్లి ఆగాయి. "మీ తమ్ముడికి ఎలా ఉందక్కా?" అని అడిగింది.

"రక్తం ఆగలేదు."

ఆవిడ చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. మేనేజరు ఆ తర్వాతి కుర్చీ దగ్గరికి నడిచాడు.