నిటారు కొలత

అల్లాల్ పొయ్యిలోకి ఆలివ్ మొద్దు తోసి, ఇనప కొక్కెంతో దాన్ని లోపలి మూలకి దొర్లించి, మంట అంటుకునేదాకా అక్కడే వంగి నిలబడ్డాడు. నిలబడ్డాడు అనడమే గానీ ఆయన ఎప్పుడూ వంగే ఉంటాడు. గోడకవతల హమామ్‌లో పొద్దుటి స్నానాలు మొదలయ్యాయి. బకెట్లు నేలకి తగిలే చప్పుడు, ఎవరో ముసలాయన హాయిగా మూలిగిన చప్పుడు వినిపించాయి. నీళ్లు సరిగ్గా కాగాయని ఆ మూలుగే చెప్పింది. అల్లాల్ తృప్తిగా ముక్కు తుడుచుకున్నాడు.

మర్రకేష్ పాతబస్తీలో మా పేట హమామ్‌కి నిప్పు చూసేది ఆయనే. పేటలో అందరి ఒళ్లూ కాచిన మనిషి మొహం సగంమందికి తెలియదు. ఆయనకీ మా మొహాలు అంతగా తెలియవు. నడుము నేలకేసి అంతలా వంగిపోయినవాడికి కనిపించేవి చెప్పులే. చెప్పులు చూసి పేరుపెట్టి పిలిచేవాడు, కొత్త జత కొనుక్కొచ్చినా నడకనిబట్టి పోల్చుకునేవాడు. కనుబొమ్మలు ఎప్పుడో మంటకి కాలిపోయి మళ్లీ మొలవలేదు. అరచేతులు తోలుముక్కల్లా నల్లగా, గట్టిగా ఉండేవి.

ఆ వంపు పుట్టుకతో వచ్చింది కాదు. ఆయనకి ముందు పొయ్యి చూసినవాడు పొట్టివాడు. పెరట్లో కట్టెల కుప్ప నుంచి పొయ్యిదాకా మోసే బండిని అతని కొలతకి చేయించారు. అతను పోయాక అది అల్లాల్ చేతికొచ్చింది. విరిగినప్పుడల్లా పాతదాని కొలతకే ఇంకోటి చేయించారు. మోకాలెత్తు పిడులు పట్టుకుని లాగీ లాగీ, గుమ్మాల్లో తల దించుకుని దూరాల్సినంత పొడగరి చివరికి ఆ బండికి సరిపోయాడు. బండినే మనిషికి సరిపెడితే పోయేదని ఎవరికీ తోచలేదు.

ఆ బండి ఇరుసు నిన్న విరిగింది. హమామ్ యజమానురాలు లల్లా తామూ పెరటి గుమ్మం దగ్గరికొచ్చి ముక్కు మూసుకుని చూసింది.

"ఈసారి నువ్వే చూసి తెచ్చుకో అల్లాల్. ఊరికే విరిగే బండ్లు కొనడం నావల్ల కాదు. నేను పోయినా అది ఉండాలి."

"నేనేనా అమ్మా?"

"కాక, నేను లాగుతానా దాన్ని?"

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. నువ్వే ఎంచుకో అని ఎవరైనా తనతో అనడం అదే మొదటిసారి. ఈ పని మేనమామ ఎంచాడు. పెళ్లాన్ని తల్లి ఎంచింది, ఆ తర్వాత ఆవిణ్ణి దేవుడు ఎంచుకున్నాడు. తొడుక్కునే కోట్లు కూడా స్నానానికొచ్చినవాళ్లు మరిచిపోయి వెళ్లినవే. అందుకని ఆయన ఛాతీ పొంగింది, ఆ పొంగు వెనకాలే ఒక పట్టుదల కూడా వచ్చింది. అక్క కొడుకు మొహా కొండల్లోంచి దిగొచ్చి పని నేర్చుకుంటున్నాడు. శుక్రవారం నుంచి పొయ్యి వాడిదే. పొడుగ్గా, చెట్టులా ఉంటాడు. వాడి వీపు తన వీపులా కాకూడదు.

నిప్పుని ఒంటరిగా వదలకూడదు కాబట్టి మొహాని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మొహం కడుక్కుని, శుక్రవారాలు తొడుక్కునే జెల్లాబా వేసుకుని అల్లాల్ బజారుకి బయల్దేరాడు.

మొదటి కొట్లో ఆకుపచ్చ రంగేసిన ఒంటిచక్రం బండి చూపించారు. రబ్బరు టైరు. వేలితో తోస్తే కదిలింది.

"వెన్నలా పోతుంది హాజీ," అన్నాడు కొట్టువాడు.

"వెన్నలాగే కరుగుద్ది కూడా. మా పెరట్లో నేలంతా నిప్పురవ్వలు," అన్నాడు అల్లాల్.

రెండో చోట చెక్కబండి. దాన్ని తట్టి చూసి, పడుకుని ఇరుసు కిందనుంచి చూసి, లేచి దుమ్ము దులుపుకున్నాడు. బండి అందంగా ఉంది, కానీ పొయ్యి పక్కన పెట్టే చెక్క ఎన్నాళ్లుంటుంది? కొట్టువాడు బతిమాలాడు. అల్లాల్ చెయ్యి అడ్డంగా ఊపి నడిచాడు. వద్దనడంలో ఇంత సుఖం ఉందని ఆయనకి ఇంతవరకూ తెలియదు. అవసరం లేకపోయినా ఇంకో రెండు కొట్లలోకి వెళ్లి అక్కడా వద్దన్నాడు.

చివరికి కమ్మరివీధిలో రహాల్ దగ్గర ఆగాడు. రెండు ఇనప చక్రాలుండాలి, పొడుగు కట్టెలు అడ్డం లేకుండా పట్టేలా తొట్టి ముందువైపు తెరిచి ఉండాలి. బరువంతా చక్రాల మీద పడేలా ఇరుసు మధ్యకి జరపాలి. అడుగున పట్టీలు ఎడంగా ఉండాలి, బెరడు పొట్టు రాలిపోవాలి. అల్లాల్ చెబుతుంటే రహాల్ తల ఊపుతూ పోయాడు. పిడుల దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క తీశాడు.

"చెయ్యి కిందికి వదులు బాబాయ్, కొలత తీసుకుంటా."

అల్లాల్ చెయ్యి వదిలాడు. వేళ్లు పిక్కల దాకా వచ్చాయి.

"ఇంత కిందికా! మేకపిల్లకి కట్టొచ్చు దీన్ని."

"నాకు కాదు. నా మేనల్లుడు లాగుతాడు."

"వాడెంత ఎత్తుంటాడు?"

"నా అంత."

రహాల్ నవ్వాడు. పక్క కొట్లో సానపట్టేవాడూ నవ్వాడు. "అయితే మేకపిల్లకే," అన్నాడు వాడు.

అల్లాల్ వెళ్లి గోడకి వీపు ఆనించాడు. ముందు నడుము ఆనింది. రెండు చేతులతో తొడలు నొక్కి పట్టుకుని మెల్లగా పైకి తీసుకున్నాడు. ఎముకల చప్పుడు రహాల్‌కి వినిపించింది. భుజాలు గోడకి తగిలాయి. పళ్లు బిగించి తల కూడా ఆనించాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి గానీ మొహం నవ్వుతోంది. వీధి ఆ చివరిదాకా ఆయనకి మనుషుల మొహాలు కనిపించాయి. రహాల్ తలెత్తి ఆయన్ని చూడాల్సొచ్చింది.

"గీత గియ్యి తొందరగా," అన్నాడు అల్లాల్, "ఎక్కువసేపు ఉండలేను."

రహాల్ వంగి, వేలాడుతున్న చేతి పక్కన గోడమీద గీత గీశాడు. సానపట్టేవాడు పని ఆపి తన పీట తెచ్చి వేశాడు. బండి తయారయ్యేదాకా అల్లాల్ దానిమీదే కూర్చున్నాడు, ఊపిరి సరిగ్గా అందలేదు. పుదీనా టీ తెప్పిస్తే సగం తాగి పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం బండి పేటలోకొచ్చింది. రాళ్లమీద ఇనప చక్రాల మోతకి అందరం గుమ్మాల్లోకి వచ్చాం. పిడులు అల్లాల్ ఛాతీ దగ్గరున్నాయి. వాటిని కిందనుంచి పట్టుకుని, చిన్నపిల్లాడు నాన్న సైకిలు తోసినట్టు తోసుకొస్తున్నాడు.

"కొలత తప్పింది బాబాయ్," అన్నాడు కసాయి.

"నీ తలకాయ," అన్నాడు అల్లాల్ గర్వంగా.

మొహా పిడులు పట్టుకున్నాడు. నిండా కట్టెలేసి పెరడు ఈ చివరికీ ఆ చివరికీ లాగాడు. నడుము వంగలేదు. లల్లా తామూ బండిని చుట్టూ తిరిగి చూసి, ఒక్క తప్పూ దొరక్క, "మోత ఎక్కువ," అని లోపలికి పోయింది. అల్లాల్ ఆ మాటకే పొంగిపోయాడు.

తర్వాత ఎప్పటిలా పేటలో ఇళ్ల నుంచి, పొయ్యి బూడిదలో ఉడకడానికి తంజియాలు వచ్చాయి. మాంసం, నిమ్మకాయ, జీలకర్ర కూరి కాయితం కట్టిన మట్టికూజాలు. అల్లాల్ వాటిని వేడి బూడిదలో మెడదాకా పాతిపెట్టాడు. ఏది ఎప్పుడు తిప్పాలో మొహాకి చెప్పాడు.

"కాస్త నడుం వాలుస్తా. నిప్పు చూసుకో," అన్నాడు.

"పడుకో మావయ్యా, నేనున్నాగా."

వెచ్చటి గోడ పక్కన గోనెపట్టా మీద పడుకున్నాడు. సాయంత్రం నమాజుకి మొహా లేపబోతే లేవలేదు.

పొద్దున్నే, శవానికి స్నానం చేయించే పెద్దాయన వచ్చాడు. కసాయి తెచ్చిన కఫన్ గుడ్డ విప్పి, బల్లమీద వెల్లకిలా, తిన్నగా పడుకోబెట్టిన అల్లాల్ మీద పరిచి చూశాడు. పాదాలూ పిక్కలూ బయటే ఉండిపోయాయి.

"ఎవరి కొలతకి తెచ్చారిది?" అన్నాడు.

కసాయి తలొంచుకుని గుడ్డలకొట్టుకి పరిగెత్తాడు. నేనూ మిగతావాళ్లూ అక్కడే నిలబడి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉన్న ఆ మనిషిని మొదటిసారి చూశాం.

ఖననం అయ్యాక అందరం పెరట్లోకి వచ్చాం. మొహా జెల్లాబా విప్పి మేకుకి తగిలించి పొయ్యి దగ్గరికెళ్లాడు. హమామ్‌లో నీళ్లు చల్లారలేదు. కట్టెల కుప్ప పక్కన బండి ఉంది, దాని రెండు పిడులూ నిటారుగా నిలబడ్డ మనిషి చేతులకి అందేంత ఎత్తులో.