జీవితకాలపు సీలు

బేరింగు డబ్బా మీద “జీవితకాలానికి సరిపడా గ్రీజు పెట్టి సీలు వేయబడినది, విప్పరాదు” అని రాసి ఉంటుంది. ఎవరి జీవితకాలం అని వెర్నా ముప్పై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. భర్త రోల్ఫ్ బతికున్నన్నాళ్లూ నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు ఆ బేరింగే కోత మిషను పక్కభాగంలో కీచుమంటోంది.

ఆస్ట్రేలియాలోని మాలీ మెట్టనేలలో డిసెంబరు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంకా నలభై ఎకరాల బార్లీ మిగిలి ఉంది, సాయంత్రానికి వాన అంటున్నారు. కొత్త బేరింగు సోమవారానికి గాని రాదని షాపువాడు తేల్చేశాడు. రోల్ఫ్ పోయాక ఆమెకిది మొదటి కోత. వాన పడేలోపల పూర్తి చేయలేకపోతే పొలం మరిది క్లెమ్‌కి కౌలుకి ఇచ్చేస్తానని అందరి ముందూ తనే నోరు జారింది.

క్లెమ్ పొలం కంచె అవతలే. తన కోత ముగించుకుని కూర్చున్నవాడు, కీచుమన్న చప్పుడు విని వచ్చాడు.

“విప్పొద్దని రాసిందే విప్పుతావా? చదవడం రాదా వెర్నా?”

“చదవడం వచ్చు కాబట్టే అనుమానం.”

గొర్రెలకు టీకా వేసే సూది లేని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. ఆమె సిరంజిలో గ్రీజు నింపింది. సూదిలోంచి రాకపోయేసరికి పది నిమిషాలు ఎండలో పెట్టింది, మెత్తబడి జారింది. సన్నటి పుల్లతో సీలు అంచు లేపి, ముందు లోపలున్నది కాస్త గీకి తీసింది. మాడిన పాకంలా ఉంది. వేళ్ల మధ్య నలిపి ఎండకు పట్టుకుంటే సన్నగా తళతళలాడింది. అది ఇనుప పొడి. బేరింగు తనని తానే అరగదీసుకుంటోందన్నమాట. భయం వేయాల్సింది పోయి, ఇంకా ఏముందో చూడాలనిపించింది.

నిండా కూరమన్నాడు క్లెమ్. నిండా పెడితే లోపలి గుండ్లు గ్రీజును చిలుకుతూ వేడెక్కుతాయని, మూడో వంతు చాలని చెప్పి ఆమె అతని మాట వినలేదు. మిషను తిప్పగానే కీచుమనడం ఆగిపోయింది. బాగైపోయింది, ఇక ఎక్కమన్నాడు క్లెమ్.

ఆమె ఎక్కలేదు. స్క్రూడ్రైవర్ మొన బేరింగు గూటికి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల ఏదో టక్కు టక్కుమంటోంది. గ్రీజు దాని నోరు మూయించిందే గాని రోగం కుదర్చలేదు. ఇప్పటిదాకా కీచుమని హెచ్చరించేది, ఇక అదీ లేదు. బేరింగు కాలితే పొట్టు అంటుకుంటుంది, పొట్టు అంటుకుంటే పొలమే అంటుకుంటుంది.

అందుకని ప్రతి చుట్టుకీ మిషను ఆపి, దిగి, గూటి మీద అరచెయ్యి పెట్టింది. అయిదు లెక్కపెట్టేదాకా చెయ్యి ఆగితే నడపొచ్చు, అది అక్కడి వాళ్ల లెక్క. మొదటిసారి పన్నెండు దాకా ఆగింది. తర్వాత తొమ్మిది, తర్వాత ఆరు. నాలుగోసారి మూడనేలోపే చెయ్యి లాక్కుంది.

ఇరవై ఎకరాలు మిగిలాయి, పడమట మబ్బు లేస్తోంది. ఇంకొక్క చుట్టు, ఎవరు చూస్తారు అనుకుంది. ఏడుపొచ్చింది. తిట్టడానికి రోల్ఫ్ కూడా లేడు. చివరికి తాళం తిప్పి మిషను ఆపేసింది.

క్లెమ్ వచ్చి ఎందుకు ఆపావన్నాడు. బేరింగు మీది రేకు విప్పి చూపించింది. వెనక ఇరుక్కున్న పొట్టు గోధుమరంగుకు తిరిగి, ఒకచోట సన్నగా పొగ వస్తోంది. నీళ్లు కొట్టి ఆర్పారు. చల్లారాక బేరింగు ఊడదీస్తే, గుండ్లను పట్టి ఉంచే చట్రం మూడు ముక్కలై క్లెమ్ చేతిలో పడింది. అతను గాలి ఎటు వీస్తోందో చూశాడు. ఆ గాలి నేరుగా అతని ఇంటి మీదికే పోతోంది. ముక్కలు అక్కడే పెట్టి కంచె దాటి వెళ్లిపోయాడు.

అరగంటకి తన కోత మిషను తోలుకొచ్చాడు. వెర్నా అడ్డం నిలబడింది. మాటంటే మాటే, తను ఓడిపోయానని, పొలం తీసుకొమ్మని అంది.

“వాన పడేలోపల అన్నావు గాని, ఎవరి మిషనుతోనో అన్లేదుగా,” అన్నాడు క్లెమ్. “ఎక్కు.”

తాళం ఆమె చేతిలో పెట్టి, కంచె దాటి నడుచుకుంటూ ఇంటికి పోయాడు.