ముందే దిగిన కత్తి

మంత్రి వేషగాడు తన అట్టకత్తితో రాజును రెండు పేజీల ముందే పొడిచేశాడు. చావబోయే ముందు రాజు చెప్పాల్సిన పెద్ద ప్రసంగం కాస్తా గాల్లో కలిసింది. తెర పడగానే దర్శకుడు విరుచుకుపడ్డాడు.

"కథలో దేశం కోసం పొడిచావు సరే. ఇక్కడ ఎవరి కోసమయ్యా?"

"వేషం కోసం ద్వేషం" అంది రాణి, సవరం ఊడదీస్తూ. "ఇరవై ఏళ్లుగా రాజు వేషం మీదేగా ఈయన కన్ను."

మంత్రి తల దించుకుని అట్టకత్తిని ఒరలో దోపాడు. రాజు అతని సొంత అక్క మొగుడు. ప్రసంగం మొదలుపెట్టబోతూనే ఆయన కళ్లు బిత్తరపోవడం అతనొక్కడే దగ్గర్నుంచి చూశాడు. తెర పక్కనుంచి అందించిన మాట కూడా ఆయనకు అందలేదు. ఆ సంగతి చెబితే బావకిదే ఆఖరి నాటకం. చెప్పకపోతే తనకు.

అంతదాకా నేలమీదే పడున్న రాజు మెల్లగా లేచి కూర్చున్నాడు.

"వాణ్ణేమీ అనకండి. నాకు ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. నెల నుంచీ ఇంతే. జనం నవ్వకముందే నన్ను చంపి పుణ్యం కట్టుకున్నాడు."

"ఊరుకో బావా."

"ఇన్నాళ్లూ ఊరుకున్నానురా. రేపట్నుంచి రాజువి నువ్వే."

మంత్రి ముఖాన రంగు కన్నీళ్లతో గడ్డం దాకా కారింది.