హాల్లో మిగిలిన గోడ

ఇర్షాద్ తెచ్చిన రంగు మళ్ళీ కుదరలేదు.

పడగ్గది తలుపు వెనక నిలబడి మహమూదా ఫోన్‌లో ఫొటో చూసింది. తెల్లగోడ మీద ఇప్పుడే పూసిన చదరం, దాని పక్కన భర్త ఖాదర్‌వలి వేసిన గోడ. రెండూ బూడిద కలిసిన నీలాలే. కొత్తది మాత్రం మరీ నీలంగా ఉంది.

"ఇది కాదు," అంది తలుపు సందులోంచి.

"కాదంటే ఎట్ల ఆపా? పోయిన వారం తెచ్చింది బూడిదెక్కువంటివి. దాని ముందుది పచ్చ కొడతాందంటివి. నన్ను చూస్తానే అజైబాలో రంగుల షాపోడు నవ్వుతాండాడు."

తమ్ముడి మీద కోపం తెచ్చుకోవడం న్యాయం కాదని ఆమెకు తెలుసు. తానే షాపుకు వెళ్ళగలిగితే ఒక్క పూటలో తేల్చేది. కానీ భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు ముగిసేదాకా గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుటికి రాకూడదు. ఆమె పాఠాలు చెప్పే స్కూలు సెలవు కూడా అందుకే ఇచ్చింది. ఖాదర్‌వలి మూడు గోడలు తన చేత్తో వేసి, నాలుగోది వచ్చేవారం అన్నాడు. ఆ వారం అతనికి రాలేదు. ఆ గోడ అతని రంగులోనే పూర్తికావాలి. ఆమె కోరేది అంతే.

పెయింటర్ లచ్చన్నది జగిత్యాల, వీళ్ళలాగే బతుకుతెరువుకు ఈ అరబ్బు దేశం వచ్చాడు. శుక్రవారం కంపెనీ డ్యూటీ లేదు కనుక వచ్చాడు.

"సార్, అక్కకు జెప్పుండ్రి. నాలుగు గోడలూ ఒక్కతీరుగ కొట్టేస్త. పొద్దుగూకేవరకు అయిపోతది. పాతదానికి కొత్తది కలుపుడంటే ఒడువని ముచ్చట."

"ఆ మూడు గోడల జోలికి పోవద్దని చెప్పు," అంది మహమూదా.

"గవి ఎవలు ఏసిండ్రో గాని, గీతలు గీతలే ఉన్నయి సార్."

"మెల్లగా అనన్నా. మా బావ ఏసిండేవి," అన్నాడు ఇర్షాద్.

లచ్చన్న రోలర్ పక్కన పెట్టాడు. ఇర్షాద్ జుమ్మా నమాజుకు, అతను అన్నం తినడానికి వెళ్ళారు.

ఇల్లు ఖాళీ అయ్యాక మహమూదా షాపువాళ్ళు ఇచ్చిన రంగుల నమూనా కార్డులు తీసుకుని హాల్లోకి వచ్చింది. కిటికీ పక్క గోడకు ఆనిస్తే పోయినవారం తాను వద్దన్న రంగే అచ్చంగా కలిసింది. అదే కార్డును పక్క గోడకు పెట్టింది. కలవలేదు. మూడో గోడ ఇంకా వెలిసినట్టుంది, అడుగున తెలుపు తొంగిచూస్తోంది. ఇర్షాద్ ప్రతిసారీ ఫొటో తీసింది ఈ గోడ పక్కనే.

ఒక్క డబ్బాతో నాలుగు గోడలు కావని ఆమె ఆ రోజే అంది. "సరిపెడతాలే," అన్నాడు ఖాదర్‌వలి. గోడ గోడకూ ఇంకాసిని నీళ్ళు పోసి సరిపెట్టాడు. కలిసే రంగు కోసం ఆమె తమ్ముణ్ణి ఎండలో తిప్పింది. కలవడానికి ఇక్కడ ఒక రంగంటూ లేదు.

"చెప్పి ఉంటే ఇంకో డబ్బా తెప్పించేదాన్ని కదా!" అంది పైకే.

ఎంత గట్టిగా అన్నా అది ఖాళీ హాలు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆమె తలుపు వెనక ఉంది.

"ఇర్షాద్, పోయినవారం డబ్బా తీయమను. నీళ్ళు బాగా కలిపి వేయమను. మూడో గోడకన్నా పలచగా ఉండాలి."

లచ్చన్న నవ్వాడు. ఆమె ఊరికే అనలేదని అర్థమయ్యాక నవ్వు ఆపాడు.

"గట్లయితే అది రంగు గాదు సార్, కుడితి. గోడ పట్టది. రేపు ఎవలన్న జూస్తే లచ్చన్న ఏసిండంటరు. నా చేతితోని గాదు. రోలర్ ఉంచిపోత, మీరే ఏసుకోండ్రి."

నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మహమూదా బయటికి వచ్చింది. దుపట్టా నడుముకు చుట్టి, డబ్బాలో చెంబెడు నీళ్ళు పోసి, రోలర్ ముంచి గోడ మీద నడిపింది. రంగు కిందికి కారింది. రెండోసారి ముంచితే మణికట్టు మీదుగా మోచేతి దాకా వచ్చింది. గోడ తడిసిందే కానీ తెలుపు పోలేదు.

"నీళ్ళు ఎక్కువైనాయి ఆపా," అన్నాడు ఇర్షాద్ నెమ్మదిగా.

"మీ బావకూ ఎక్కువే అయినాయి," అంది మహమూదా, మళ్ళీ రోలర్ ముంచుతూ. "చూస్తా నిలబడకుండా పాత పేపర్లు పట్రా. నేలంతా పాడవుతాంది."