మూడో సైలెన్సర్

గంగబాబు కారు కొన్నది రంగు చూసి కాదు, ఇంజను చూసీ కాదు. చప్పుడు విని కొన్నాడు. ఎప్పుడో భీమవరంలో ఒక పెళ్ళికి వెళ్తే, పందిరి ముందు నుంచి పసుపుపచ్చ జర్మనీ కారొకటి కూత వేసుకుంటూ పోయింది. ముందు గొంతులో గురగుర, తర్వాత పైకి, ఇంకా పైకి, ఆకాశం చిరిగిపోతుందేమో అన్నంత పైకి వెళ్ళి టక్కున తెగిపోయింది. చేతిలో ఐస్‌క్రీం కరిగి చొక్కా మీద కారుతున్నా మనిషికి తెలియలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఫోనులో అవే వీడియోలు చూశాడు. వరసగా రొయ్యల పంటలు కలిసొచ్చాక, హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన అలాంటి కారే తెచ్చుకున్నాడు.

రాజోలు రోడ్ల మీద నీకిదేం కారయ్యా అని అడగనివాడు పాపాత్ముడు. రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. స్పీడు బ్రేకరు ఎదురైతే ఓ పక్కకి వాలి, ముక్కుతూ మూలుగుతూ దాటాలి. ఊళ్ళో పిల్లలు దానికి కప్ప కారని పేరు పెట్టారు. గంగబాబు అవేవీ పట్టించుకోలేదు. అతని బాధల్లా వేరు. కారైతే వచ్చింది గానీ, దాంతో రావలసిన కూత రాలేదు.

"సైలెన్సర్ మార్చేసేరండి మీరు" అని అమ్మినవాడి మీద ఫోనులో మెసేజీలతో విరుచుకుపడ్డాడు. కంపెనీ బిగించిందే సార్, మా పిల్లల మీద ఒట్టు అని జవాబు పెట్టాడు అతను. సరే, ఆ కంపెనీవాళ్ళే దాని నోరు నొక్కేశారు కాబోలనుకుని, అమలాపురంలో కార్ల షెడ్డు నడిపే నాగసతీష్ చేత బెంగుళూరు నుంచి వేరేది తెప్పించి బిగించాడు. గురగుర వచ్చింది, కూత రాలేదు. దానికన్నా మోత ఎక్కువని ఇంకోటి తెప్పించాడు. అది బిగించుకుని ఊళ్ళోకి వచ్చిన మర్నాడే పక్కింటి ఎలీసమ్మ టీచరుగారు చంటి మనవరాలిని ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"గంగబాబుగారూ, మీకు పుణ్యం ఉంటదండి. మీ కారు తీసినప్పుడల్లా పిల్ల హడిలిపోయి పాలు కక్కేస్తుందండి."

ఆవిడ పెదాల వంకే చూసి, తల ఊపి, గంగబాబు లోపలికి వచ్చేశాడు. ఆ కాస్త చప్పుడికి హడిలిపోవడమేమిటి, విడ్డూరం కాకపోతే అనుకున్నాడు. తప్పు సైలెన్సర్లది కాదేమోనన్న అనుమానం అప్పుడే మొదటిసారి తలెత్తింది.

అతని బతుకంతా రొయ్యల చెరువుల గట్ల మీదే గడిచింది. నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే డీజిల్ జనరేటరు అందుకోవాలి. ఆ హోరులో మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు, అరిచేవాళ్ళూ చేతులు ఊపేవాళ్ళే. అరచెయ్యి బోర్లిస్తే మేత ఆపమని, వేలు గిర్రున తిప్పితే మోటారు వెయ్యమని. మిగతాదంతా ఎదుటివాడి పెదాలు చూసి గ్రహించుకోవడమే. అదెంత అలవాటైపోయిందంటే, చెవులు పని మానేసిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, అతనికీ తెలియలేదు. ఆ గట్టు మీద చెవిటివాడికీ మంచి చెవులున్నవాడికీ తేడా ఏముంది గనక!

తెలుసుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తండ్రికీ ఆఖర్న చెవులు పోయాయి. పోయాయని తెలిశాక ఇంట్లోవాళ్ళు ఆయనకి ఏ కబురూ చెప్పడం మానేశారు. ఎవరు అరిచి చస్తారులే అని. సొంత చెల్లెలు పోయిన సంగతి కూడా ఆ ముసలాయన పెద్దకార్యం భోజనాల దగ్గర దండ వేసిన ఫొటో చూసి తెలుసుకున్నాడు. విస్తట్లో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయిన ఆ మొహాన్ని గంగబాబు మరిచిపోలేదు. అందుకే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, మూడో సైలెన్సర్ తెప్పించాడు. అది వినబడిందా, తప్పు మొదటి రెండింటిది. వినబడలేదా... అక్కడితో ఆలోచన తెంపేసేవాడు.

బిగించే రోజున భార్య లక్ష్మీతులసి తనూ వస్తానని కారెక్కింది. టీచరుగారి మొహం చూడలేక చస్తున్నాను, ఈసారి నేను చెప్పిందే బిగించాలని ఆవిడ పట్టు. దారి పొడుగునా ఏదో చెప్తూనే ఉంది. గంగబాబు రోడ్డు మీద చూపు ఉంచి ఆయ్, ఆయ్ అని తల ఊపుతూ అమలాపురం చేరాడు.

నాగసతీష్ ముందు బిగించిన వాటిలో ఒకదాన్నీ, కొత్తదాన్నీ గోనెపట్టా మీద పక్కపక్కనే పెట్టి ఉంచాడు.

"ఈ పాతదే ఉంచేసుకోండమ్మా. లోపల మూత ఉంటదండి దీనికి. బొత్తం నొక్కేరంటే మూసుకుపోద్ది, ఊళ్ళో పిల్లిలాగ పోవచ్చండి. స్టీలు కూడా మంచిది, మన ఉప్పుగాలికి తుప్పు పట్టదండి."

"అదే బిగించండి" అంది లక్ష్మీతులసి.

"కొత్తది?" అన్నాడు గంగబాబు.

నాగసతీష్ మొహమాటంగా నవ్వాడు. "అది టైటానియం అండి. లోపల అడ్డేమీ లేదు, ఉత్త గొట్టమే. పోలీసులు చూసేరంటే రోడ్డు మీదే ఊడబీకించేస్తారండి."

"బిగించండి. ఒక్కసారి వింటాను. విన్నాక మీ ఇష్టం, తీసి కాలవలో పారెయ్యండి."

ఆ గొంతులో ఏం వినబడిందో లక్ష్మీతులసి ఇంక అడ్డు చెప్పలేదు. బిగించడం అయ్యేసరికి ఎండ షెడ్డులోకి పాకింది. నాగసతీష్ కార్లో కూర్చున్నాడు. గంగబాబు వెనకాల, గొట్టాల ఎదురుగా నిలబడి, గుడిలో తలుపు తీసేటప్పుడు నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టాడు.

పక్కింట్లో ఎవరో పిండి దంచుతున్నట్టు దబదబ అని వచ్చింది. వచ్చింది! మనసు ఎగిరి గంతేసింది. ఎక్కించండి అని చెయ్యి పైకి ఊపాడు. నాగసతీష్ ఎక్కించాడు. ఎదురు టీ కొట్టులో జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. షెడ్డు రేకు మీది కాకులన్నీ లేచిపోయాయి. లక్ష్మీతులసి రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చుకుని మొహం చిట్లించింది. గంగబాబు చెవుల్లో మాత్రం, పైకి వెళ్ళాల్సిన చప్పుడు పైకి వెళ్తున్న కొద్దీ చల్లగా జారిపోయింది. దబదబ కూడా పోయింది. ఛాతీలో ఒట్టి వణుకు మిగిలింది.

"ఎక్కించండి, ఎక్కించండి!" అని అరిచాడు. వంగి గొట్టం ముందు అరచెయ్యి పెట్టాడు. సెగ చురుక్కున కొట్టింది. అంటే ఎక్కించే ఉన్నాడు. దేవుడా, ఎక్కించే ఉన్నాడు.

నాగసతీష్ దిగి వచ్చాడు.

"దీనికన్నా పెద్దది లేదా అండి?" అని అడిగాడు గంగబాబు.

"దీని మీద ఇంకేమీ ఉండదండి. అసలు గొట్టమే లేకుండా ఇంజను తిప్పినట్టండి ఇది" అన్నాడు నాగసతీష్. అంటూ అంటూ అతని చూపు గంగబాబు భుజం మీదుగా వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. మొహం మారిపోయింది. గంగబాబు వెనక్కి తిరిగాడు. లక్ష్మీతులసి తన వీపుకి మూరెడు దూరంలో నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఇందాకట్నించీ మిమ్మల్నే పిలుస్తున్నానండి."

"ఇంజను మోతలో వినపళ్ళేదు."

"ఇంజను ఎప్పుడో ఆపేసేరండి."

నాగసతీష్ తల దించుకుని పానా కోసం వెతుక్కుంటున్నట్టు లోపలికి పోయాడు. గంగబాబు కారు వంక చూశాడు. ఏం చూసి చెప్పగలడు, ఆగిన కారూ ఆగని కారూ అతనికి ఒకలాగే ఉన్నాయి. అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. లక్ష్మీతులసి ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది, తన మొహం అతనికి కనిపించేలా.

"మా అమ్మ చనిపోయిన నెల్లో, లైటు తీసేసేక మీతో ఒక మాటన్నాను. నాకింక మాట్లాడే దిక్కు లేదండి, బతకాలని లేదండి అన్నాను. మీరు ఆయ్ అని అటు తిరిగి పడుకున్నారు." ఆవిడ పెదాలు వణికాయి. కొన్ని మాటలు అతనికి అందలేదు. "ఆ రోజు నుంచి మీరు నాకు లేనట్టే అనుకుని బతుకుతున్నాను. చెవులు పోయేయని ఒక్క మాట చెప్తే ఏం పోయేదండి? నేను మనసు పోయిందనుకున్నాను కదండీ."

గంగబాబుకి ఏడుపు రాలేదు. తనమీద తనకి అసహ్యం వేసింది. చీకట్లో భార్య బతకనని చెప్తే ఆయ్ అన్నాడు. ఇంకా ఏమేం మాటలకి ఆయ్ అన్నాడో, అవి ఎక్కడని వెతుక్కుంటాడు ఇప్పుడు?

నాగసతీష్ దూరం నుంచే ఏది ఉంచమంటారని సైగ చేశాడు. గంగబాబు భార్యని చూపించాడు. కంపెనీది బిగించెయ్యండి, కారుతో వచ్చిందే, అందావిడ. నాగసతీష్ పడుకుని కారు కిందికి దూరాడు.

లక్ష్మీతులసి ఇంకా ఏదో చెప్తోంది. గంగబాబు ఆ పెదాలు చూస్తూ, వాటికి ఆవిడ గొంతుని జోడించాలని చూశాడు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాడు. పెళ్ళయిన కొత్తలో ఎలా పిలిచేది, పిల్లల్ని ఎలా కసిరేది, అలిగితే ఎలా సాగదీసేది. ఏళ్ల తరబడి ఫోనులో విన్న కార్ల కూతలు మాత్రం ఒకదాని వెనక ఒకటి, మొదటి నుంచి చివరిదాకా తలలో మోగాయి. ఆవిడ గొంతు రాలేదు.

"ఒక్కసారి నన్ను పిలువు" అన్నాడు. "ఇలా చెవి దగ్గరగా వచ్చి పిలువు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని వంగింది. చెంపకి ఊపిరి వెచ్చగా తగిలింది. లోపలెక్కడో ఎవరో గొణిగినట్టు అనిపించింది. అది ఆడగొంతో మగగొంతో కూడా అతనికి తెలియలేదు.