నోలీన్ సీసాల్లో వాన

నోలీన్ ఫ్రిజ్‌లో బీట్‌రూట్ సీసా వెనక ఎప్పుడూ రెండు సీసాల వాన నీళ్లుంటాయి. పెరట్లోని ట్యాంకు నుంచి పట్టినవి. ఎవరైనా అడిగితే తలస్నానానికని చెబుదామనుకుంది. కానీ ఇంట్లో అడగవలసినవాడు మెర్విన్ ఒక్కడే, ఆ మొగుడుగారికి ఫ్రిజ్‌లో బీరు తప్ప మరొకటి కంటికి ఆనదు.

ఆ నీళ్లకి పని పడేది క్రిస్మస్ మర్నాడు. మెర్విన్ తమ్ముడు కెల్విన్ ఏటా ఆ రోజున గింపీ నుంచి పెళ్లాంతో, మనవలతో, గుడారాలతో ఇన్‌స్కిప్ సముద్రపు ఒడ్డుకి బయల్దేరతాడు. అన్నావదినలు కూడా రావలసిందే. అక్కడ ఇసుక బ్రెడ్డులోకి వస్తుంది, పక్కలోకి వస్తుంది, పళ్ల మధ్యకీ వస్తుంది. మరుగుదొడ్డంటే గొయ్యి. అరవయ్యేళ్లు దాటిన మోకాళ్లతో ఆ గొయ్యి మీద కూర్చుని లేవడం ఏమిటో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. నేను రానని నోలీన్ చెప్పి చూసింది. "మా అమ్మ ఎనభయ్యో ఏట కూడా వచ్చేది" అన్నాడు మెర్విన్. చచ్చిపోయిన అత్తగారితో పోటీ ఎవరు పడగలరు?

మెర్విన్‌ని ఆపగలిగినవి హాల్లో గాజుతొట్టెలో ఉన్న కోరీలే. వేలెడంత మీసాల జెల్లలు. రోజంతా అడుగున ఇసుకలో మూతులు పెట్టి దేవుకుంటాయి, లేకపోతే గుంపుగా సోమరిపోతుల్లా పడుంటాయి. గాలివాన వచ్చే ముందు మాత్రం వాటికి ఒళ్లు నిలవదు. గాజు వెంట పైకీ కిందికీ ఒకటే పరుగులు. "గాలి బరువు తగ్గితే వాటికి ముందే తెలిసిపోతుంది" అంటాడు మెర్విన్. అతన్ని అడిగి బట్టలారేసుకునేవాళ్లు ఆ వీధిలో ఉన్నారు. పడవ లేదని, కారవాన్ లేదని తమ్ముడి చేత జీవితమంతా వెక్కిరింపులు పడ్డ మనిషికి ఆ జోస్యం ఒక్కటే పరువు.

చేపల క్లబ్బులో ఎవరో ఒకసారి చెప్పారు, కొత్త వాన చల్లనీళ్లు తగిలినా ఇవి ఇలాగే చిందులేస్తాయని. మెర్విన్ అప్పుడు లామింగ్టన్ కేకుల బల్ల దగ్గర బిజీగా ఉన్నాడు. విన్నది నోలీన్.

ఈసారి కూడా అతను బయట కారుకి ట్రైలర్ తగిలిస్తుంటే ఆమె సీసాలు రెండూ తొట్టెలో ఒంపి, ఏమీ ఎరగనట్టు టీ కాచుకుంటూ నిలబడింది.

"నోలీన్! ఇలా రా! చూశావా వీటి గోల?"

"అయ్యో, పాపం. గాలివానంటావా?"

"గాలివానా? ఇంటి కప్పులు లేచిపోతాయి!" అంటూ, మేం రావడం లేదని తమ్ముడికి ఫోన్ చేశాడు.

"ఆకాశం తుడిచిపెట్టినట్టుంటే నీ చేపలకేం పుట్టిందిరా అన్నయ్యా?" అని అవతల కెల్విన్ నవ్వాడు.

మధ్యాహ్నానికి మెర్విన్ మళ్లీ కేకేశాడు. తొట్టె గాజుకి సగ్గుబియ్యం అంటించినట్టు తెల్లటి గుడ్లు. ఇన్నేళ్ల పెంపకంలో ఒక్కసారి కూడా పెట్టలేదు. నోలీన్‌ని గట్టిగా కావలించుకుని, మళ్లీ ఫోన్ అందుకున్నాడు.

"గుడ్లు పెట్టాయిరా! వీటినొదిలి నేను కదలను. మీరే ఇక్కడికొచ్చెయ్యండి, పెరట్లో వేసుకోండి గుడారాలు!"

నోలీన్ కిటికీలోంచి పెరటి వైపు చూసింది.

సాయంత్రానికి మామిడిచెట్టు కింద రెండు, బట్టల తీగల కింద ఒకటి గుడారాలు లేచాయి. కెల్విన్ మనవలు క్రిస్మస్‌కి మిగిలిన రొయ్యలన్నీ ముక్కలు చేసి చేపలకి మేపేశారు.

మర్నాడు మధ్యాహ్నం పడమట ఆకాశం నల్లబడి, అంచుల్లో ఆకుపచ్చగా మారింది. కెల్విన్ గుడారాల తాళ్లు విప్పబోయాడు.

"ఆగరా! చేపలేమంటున్నాయో చూద్దాం" అన్నాడు మెర్విన్.

చేపలేమీ అనడం లేదు. గుడ్లు పెట్టిన అలసట, పొట్టనిండా రొయ్యలు. ఇసుక మీద కదలకుండా పడున్నాయి.

"చుక్క కూడా పడదు. నా మాట విను, గుడారాలు ఉండనీ."

"నీ ఇష్టం అన్నయ్యా. నీ చేపల ఇష్టం."

మాట పూర్తవకుండానే వడగళ్లు మొదలయ్యాయి. ఒక గుడారం పక్కింటి కంచె దాటింది. అందరూ తడిసి ముద్దయి హాల్లో పడ్డారు. కెల్విన్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "వీధివీధంతా చెబుతానుండు! జోస్యులు గుర్రుపెట్టి నిద్రపోయారని!"

మెర్విన్ తొట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నిన్న ఊరికే ఎగిరాయి. ఇవాళ పడుకున్నాయి" అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్లూ నన్ను నేనే మోసం చేసుకున్నానా నోలీన్?"

మోసం చేసినదెవరో ఆమెకి తెలుసు. మొగుడి మెడ అలా వాలిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. వంటింట్లోకి వెళ్లింది. సీసాలు ఖాళీ. జగ్గు పట్టుకుని వెనక తలుపు తీసి వానలోకి నడిచింది. వడగళ్లు నెత్తిన మొట్టుతుంటే చూరు కింద జగ్గు నింపింది. మెర్విన్‌తో సహా అందరూ కిటికీ దగ్గర చేరి, ఎగిరిపోయిన గుడారాన్ని చూస్తుండగా, వడగళ్లు వడకట్టి నీళ్లన్నీ తొట్టెలో ఒంపేసింది.

కోరీలు లేచాయి. ఒకటి, వెంటనే మరొకటి, తర్వాత అన్నీ.

"చూశారా!" మెర్విన్ కేక ఉరుముని మించింది. "చూడరా కెల్విన్, చూడు!"

"వాన వచ్చాక చెబితే అదేం జోస్యం అన్నయ్యా?"

"ఓరి పిచ్చోడా! ఈ వాన ఓ లెక్కా? అందుకే లేవలేదవి. ఇప్పుడు చెబుతున్నది రాబోయే దాని గురించి!" మెర్విన్ మెడ మళ్లీ నిటారుగా లేచింది. "అసలు వాన ముందుంది. ఎవరూ గడప దాటడానికి వీల్లేదు. వారమంతా అందరూ ఇక్కడే, ఈ ఇంట్లోనే!"

బయట పెద్ద ఉరుము ఉరిమింది. ఆ ఉరుము విన్నాక కెల్విన్ నవ్వలేదు. తడిసిన టోపీ తీసి వదిన వైపు తిరిగాడు.

"అయితే వదినా, పక్కలెక్కడ వేసుకోమంటావు?"

జుట్టులోంచి నీళ్లు కారుతున్న నోలీన్‌ని, వానలో నీకేం పనని ఒక్కరూ అడగలేదు. ఆమె జగ్గు బల్ల మీద పెట్టి, పరుపులు దించడానికి వెళ్లింది.